ఫోన్‌లో మొదలయ్యే ప్రేమ నవలలు: ఏది ఎవరికి నప్పుతుంది?

ఇంటర్ చదివే పిల్లలకి, డిగ్రీలో కొత్తగా చేరినవాళ్లకి ఇంగ్లీషు ప్రేమ నవల ఏది కొనివ్వాలని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అప్పటికే వాళ్ల చేతిలో ఒక లిస్టు ఉంటుంది, ఏ రీల్‌లోనో చూసి రాసుకున్నది. ఆ లిస్టులో సగం కథలు నడిచేది ఫోన్‌లోనే. ఇద్దరూ దగ్గరయ్యేది చాట్‌లో, గొడవపడేది ట్విట్టర్‌లో, దూరమయ్యేది ఎవరో పెట్టిన వీడియో వల్ల. అట్టలు చూస్తే అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి: లేత రంగులు, రెండు బొమ్మలు, మధ్యలో ఒక మెసేజ్ బుడగ. లోపలికి వెళితే ఒకదానికొకటి పొంతన లేదు. ఒకటి హాయిగా నవ్వించి వదిలేస్తుంది. ఇంకొకటి పదహారేళ్ల పిల్లకి రెండు రోజులు నిద్రపట్టనివ్వదు.

చాలామంది కథలో ఏ యాప్ ఉందో చూసి ఎంచుకుంటారు. ఇన్‌స్టా ఉంటే ఇప్పటి కథ, ఈమెయిల్ ఉంటే పాతది అనుకుంటారు. ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే యాప్‌లు నవలలకంటే ముందే ముసలివైపోతాయి. లారెన్ మైరకిల్ 2004లో ‘టీటీవైఎల్’ అనే నవల మొత్తాన్నీ ఇన్‌స్టంట్ మెసేజ్‌లలోనే రాశారు. అప్పట్లో అదే ఫ్యాషన్. ఆ రకం మెసెంజర్‌ని ఇప్పటి పిల్లలు చూసి కూడా ఉండరు. 2020లో ట్విట్టర్ చుట్టూ అల్లిన నవల వచ్చింది, 2023కల్లా ఆ ట్విట్టర్ పేరే మారిపోయింది.

నేను చూసేది ఒక్కటే. ఈ కథలో ఫోన్ మనిషి పేరుని ఏం చేస్తోంది? దాచిపెడుతోందా? బజారున పెడుతోందా? లేక పేరు చెప్పకుండా కట్టుకున్న ఒక లోకాన్ని ఒక్కరోజులో కూల్చేస్తోందా? ప్రేమకథలో టెన్షన్ పుట్టేది అక్కడే. మీ ఇంట్లో పిల్లలకి ఏది నచ్చుతుందో, ఏది బరువవుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

పేరు దాచుకుని రాసుకునే ప్రేమ

ఊహ పాతదే. హంగరీకి చెందిన మిక్లోష్ లాస్లో 1937లో రాసిన ‘పర్ఫ్యూమరీ’ నాటకంలో ఒకే కొట్లో పనిచేసే ఇద్దరు ఎదురుపడితే కొట్లాడుకుంటూ, ఎవరికి రాస్తున్నారో తెలియకుండా ఉత్తరాల్లో ప్రేమించుకుంటారు. హాలీవుడ్ 1940లో దాన్ని సినిమా తీసింది. 1998లో ఉత్తరాల చోట ఈమెయిల్ పెట్టి ‘యూవ్ గాట్ మెయిల్’ అని మళ్లీ తీసింది. మన వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలు చూసిన తరానికి ఇందులో వింత ఏమీ కనిపించదు. టీనేజ్ నవలల్లో ఈ దారిలో వచ్చినవి చాలా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడాల్సినవి రెండు: బెకీ ఆల్బర్టాలి రాసిన ‘సైమన్ వర్సెస్ ద హోమో సేపియన్స్ ఎజెండా’ (2015), జూలీ బక్స్‌బామ్ రాసిన ‘టెల్ మీ త్రీ థింగ్స్’ (2016).

ముందు సైమన్ సంగతి. అట్లాంటా శివార్లలో ఒక హైస్కూలు. అక్కడి పిల్లలు పేరు చెప్పకుండా రహస్యాలు రాసుకునే పేజీ ఒకటి టంబ్లర్ అనే బ్లాగు సైట్‌లో ఉంది. గే అయిన ఒక అబ్బాయి అందులో తన మనసులో మాట రాస్తాడు. సైమన్‌దీ అదే రహస్యం. ఇద్దరూ మారుపేర్లతో ఈమెయిల్స్ రాసుకోవడం మొదలుపెడతారు. అవతలి అబ్బాయి ‘బ్లూ’ అని తప్ప సైమన్‌కి ఇంకేం తెలియదు. ఒకే స్కూలు, ఒకే క్యాంటీన్. రోజూ చూసే మొహాల్లో అతను ఎవరో మాత్రం తెలియదు.

ఒకరోజు సైమన్ స్కూలు లైబ్రరీ కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి లాగౌట్ చేయకుండా లేచిపోతాడు. తర్వాత అదే సీట్లో కూర్చున్న మార్టిన్ అనే కుర్రాడికి ఆ ఉత్తరాలన్నీ కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు. నవల సరిగ్గా ఆ తర్వాతి సంభాషణతో మొదలవుతుంది. మార్టిన్ అరవడు, విలన్‌లా నవ్వడు. కాస్త ఇబ్బందిపడుతూ, సాయం అడుగుతున్నవాడిలా మాట్లాడతాడు: నీ ఫ్రెండ్ ఆబీ అంటే నాకిష్టం, కాస్త కలుపు, ఆ మెయిల్స్ సంగతి మన మధ్యే ఉంటుంది. ఆల్బర్టాలి రచయిత్రి కాకముందు క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేశారు. ఆ అనుభవం ఈ రెండు పేజీల్లో కనిపిస్తుంది. బెదిరించేవాడు కూడా పక్క బెంచీ పిల్లాడే, తను చేస్తున్నది ఎంత ఘోరమో వాడికి పూర్తిగా ఎక్కలేదు. స్క్రీన్‌షాట్ అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి సీను నాకు ఏ నవలలోనూ కనిపించలేదు. 2016లో మొదటి నవలలకి ఇచ్చే విలియం సి. మోరిస్ అవార్డు ఈ పుస్తకానికి రావడం న్యాయమే.

అధ్యాయాలు మామూలు కథనంగా నడుస్తుంటే మధ్యమధ్యలో సైమన్, బ్లూ రాసుకున్న మెయిల్స్ వస్తాయి. స్నేహితుల మధ్య సైమన్ జోకులేసి తప్పించుకునే రకం. మెయిల్స్‌లో మాత్రం ఆగి, ఆలోచించి, ఒక వాక్యం రాసి, దానికి జవాబు కోసం ఎదురుచూసే మనిషి. ఆ తేడా చదివితే తెలుస్తుంది, చెబితే తెలియదు.

‘గే అబ్బాయిల కథ కదా, ఇవ్వొచ్చా’ అని తల్లిదండ్రులు మొహమాటంగా అడుగుతుంటారు. పద్నాలుగు దాటినవాళ్లకి నిరభ్యంతరంగా ఇవ్వండి. బూతు మాటలు అక్కడక్కడా ఉన్నాయి, పడకగది సన్నివేశాలు లేవు. స్వలింగ సంబంధాలు నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తేల్చేసింది. ఇంటర్ క్లాసుల్లో ఈ మాట ఇప్పుడు కొత్తా కాదు. పైగా ఈ కథకి బలం అక్కడే ఉంది. మిగతా నవలల్లో ముసుగు తొలగితే కాసేపు సిగ్గు, తర్వాత ముద్దు. సైమన్‌కి ముసుగు తొలగితే ఇంట్లో, స్కూల్లో, స్నేహితుల దగ్గర జీవితమే మారిపోతుంది. ఆ మాట ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలో తేల్చుకునే హక్కు తనది. దాన్ని ఇంకొకడు లాక్కోవడం ఎంత అన్యాయమో ఈ నవల ఉపన్యాసం ఇవ్వకుండా చూపిస్తుంది.

‘టెల్ మీ త్రీ థింగ్స్’ మెత్తని పుస్తకం. పదహారేళ్ల జెస్సీ తల్లి చనిపోయింది. తండ్రి ఇంటర్నెట్‌లో పరిచయమైన ఆవిడని పెళ్లి చేసుకుని, పిల్లని షికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కి తీసుకొస్తాడు. డబ్బున్న పిల్లల స్కూలు, కొత్త ఇల్లు, మాట్లాడేవాళ్లు లేరు. ఇలాంటప్పుడు పేరు చెప్పని ఎవరో ఆ స్కూల్లో ఎలా నెగ్గుకురావాలో చెబుతూ మెయిల్ పెడతారు. ఇద్దరూ తమ గురించి మూడేసి విషయాలు చెప్పుకునే ఆట ఆడతారు. రహస్యం ఎవరన్నది చురుకైన పాఠకులకి సగంలోనే తెలిసిపోతుంది. ఇక్కడ విలువైనది తల్లి లేని పిల్ల దుఃఖం. తండ్రికీ కూతురికీ ఇద్దరికీ ఆసరా తెర అవతలి మనుషుల దగ్గరే దొరకడం. ఊరు మారిన పిల్లలకి, హాస్టల్‌లో బెంగపడేవాళ్లకి ఇది సైమన్‌కంటే ముందు ఇవ్వాలి. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, ఉద్యోగాల వెంట ఇళ్లు మార్చే మనవాళ్ల పిల్లలకి మరీ దగ్గరగా ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పేరు చెప్పకుండా మెసేజ్ పెట్టిన మనిషి మంచివాడే అయ్యుంటాడన్నది ఈ రకం నవలలన్నిటికీ పునాది. అది కథకి అవసరం, జీవితానికి ప్రమాదం. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి ఈ తేడా ఇంకా స్థిరపడదు. నవల ఇచ్చేటప్పుడు ఆ ఒక్క మాటా విడిగా మాట్లాడండి.

పేరు బజారున పడినప్పుడు

జెన్నీ హాన్ రాసిన ‘టూ ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ (2014) అందరికీ తెలిసినదే. లారా జీన్ ఎవరికీ పంపకుండా దాచుకున్న ప్రేమలేఖలు పోస్టులో వెళ్లిపోతాయి. మన అంశానికి ముఖ్యమైనది రెండో భాగం, ‘పీ.ఎస్. ఐ స్టిల్ లవ్ యూ’ (2015). స్కూలు స్కీ ట్రిప్‌లో లారా జీన్, పీటర్ ఒక హాట్ టబ్‌లో ముద్దు పెట్టుకుంటుంటే ఎవరో దూరం నుంచి వీడియో తీస్తారు. గాసిప్ కోసమే నడిచే ఒక ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ దాన్ని పెడుతుంది. వీడియోలో ముద్దుకి మించి ఏమీ లేదు. చూసినవాళ్లు మాత్రం తమకి కావలసింది చూసుకుంటారు.

జెన్నీ హాన్ ఇక్కడ ఒక విషయాన్ని సూటిగా పట్టుకున్నారు. ఒకే వీడియోలో ఇద్దరూ ఉన్నారు. మాటలు పడేది అమ్మాయి. అబ్బాయి వీపు తట్టించుకుంటాడు. పీటర్ మంచివాడే, కోపం తెచ్చుకుంటాడు, అయినా ఆ వీడియో ఆమెకి చేసినది అతనికి పూర్తిగా అర్థం కాదు. ప్రేమలో అలాంటి చిన్న దూరం ఎలా మొదలవుతుందో చూపించడంలో ఈ రచయిత్రికి మంచి నేర్పు ఉంది. వర్జీనియాలోని షార్లట్స్‌విల్ చుట్టుపక్కల జరిగే కథే అయినా, అమ్మాయికే నింద రావడమన్నది మన కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నదే.

అందుకే ఇది తల్లీకూతుళ్లు, వీలైతే తల్లీకొడుకులు కలిసి చదవాల్సిన పుస్తకం. కొడుకుల మాట నొక్కి చెబుతున్నాను. అట్ట మీద అమ్మాయి బొమ్మ ఉందని అబ్బాయిలకి ఇలాంటివి ఇవ్వం. వీడియో ఫార్వర్డ్ చేసే వేలు చాలాసార్లు అబ్బాయిలదే. పుస్తకం అయ్యాక మాట్లాడుకోవడానికి మన దగ్గర ఏముందో కూడా తెలిసి ఉండాలి. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. ఎక్కడివాళ్లయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, 1930కి ఫోన్ చేయొచ్చు. పద్దెనిమిది లోపువాళ్ల నగ్న చిత్రాలు, వీడియోలు తీయించడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఆ ఫోటోని ఎవరికీ పంపక్కర్లేదు, ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ ముద్ర తయారై అది మాత్రమే వెళుతుంది. ఈ సంగతులు నవలలో ఉండవు, పిల్లలకి తెలియాలి.

కొనేటప్పుడు గుర్తుంచుకోండి, మొదటి భాగం చదవకుండా రెండోది చదివితే సగం రుచి పోతుంది. రెండూ కలిపి కొనండి. మూడోది (2017) కాలేజీ అడ్మిషన్ల చుట్టూ తిరుగుతుంది. మొదటి రెండూ నచ్చితే అది వాళ్లే అడుగుతారు.

రాసే పిల్లలకి, బొమ్మలు వేసే పిల్లలకి

ఈ వరసలో నాకు బాగా దగ్గరైన పుస్తకం ఫ్రాన్సెస్కా జాపియా రాసిన ‘ఎలైజా అండ్ హర్ మాన్‌స్టర్స్’ (2017). ఇండియానాలో ఒక హైస్కూలు చివరి సంవత్సరం చదువుతున్న ఎలైజాని క్లాసులో ఎవరూ పట్టించుకోరు. నెట్‌లో మాత్రం లక్షల మంది ఎదురుచూసే ‘మాన్‌స్ట్రస్ సీ’ అనే వెబ్‌కామిక్ (నెట్‌లో భాగాలుగా వచ్చే బొమ్మల కథ) గీసేది తనే, వేరే పేరుతో. ఇంట్లోవాళ్లకి ఏదో బొమ్మలేస్తుందని తెలుసు గానీ అది ఎంత పెద్దదో అంతుబట్టదు. స్కూల్లో కొత్తగా చేరిన వాలస్ నలుగురిలో నోరు విప్పి మాట్లాడడు, కాగితం మీద రాసి చూపిస్తాడు. అతను ‘మాన్‌స్ట్రస్ సీ’ మీద ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఆ పాత్రలతోనే అభిమానులు అల్లుకునే సొంత కథలు, రాసేవాళ్లలో పేరున్నవాడు. తన ఎదురుగా కూర్చున్న అమ్మాయే ఆ లోకాన్ని పుట్టించిందని అతనికి తెలియదు. ఎలైజా చెప్పదు.

సైమన్‌లో ఇద్దరూ ముసుగు వేసుకున్నారు, లెక్క సమానం. ఇక్కడ ఒకరికే తెలుసు. అందుకే ప్రతి తీపి సీనులోనూ ఒక ముల్లు ఉంటుంది. వాలస్ తన అభిమాన కామిక్ గురించి కళ్లు మెరుస్తూ చెబుతుంటే ఎలైజా తలూపుతూ వినే చోట పుస్తకం కాసేపు పక్కన పెట్టాలనిపిస్తుంది. ఆమె అబద్ధం ఆడటం లేదు, నిజమూ చెప్పడం లేదు.

ఆ రహస్యం బయటపడేది శత్రువు వల్ల కాదు. కూతురు హైస్కూలు పూర్తి చేస్తున్న సంతోషంలో అమ్మానాన్నలు స్థానిక పత్రికలో గర్వంగా నాలుగు వాక్యాలు రాస్తారు. అంతే. గంటల్లో నెట్ అంతా పాకిపోతుంది. మన దగ్గర పిల్లల ర్యాంకులు, ఫోటోలు, పుట్టినరోజులు స్టేటస్‌లో పెట్టేది ప్రేమతోనే కదా. ఆ ప్రేమ ఎలా దెబ్బకొడుతుందో ఇంత దయతో, ఎవరినీ చెడ్డవాళ్లని చేయకుండా రాసిన నవల అరుదు. పిల్లలకంటే ముందు పెద్దలు చదవాలి.

లోపల వెబ్‌కామిక్ బొమ్మలు, చాట్ బాక్సులు, ఫోరం సంభాషణలు ఉంటాయి. బొమ్మలు రచయిత్రే వేసుకున్నారు. అందుకని ఇది ఫోన్‌లో ఈబుక్‌గా కాక కాగితం పుస్తకంగా చదవాలి. చివరి భాగంలో పానిక్ అటాక్స్, ఆత్మహత్య ఆలోచన ఉన్నాయి. బాగా రాశారు, బాధ్యతగా రాశారు. అయినా ఆందోళనతో సతమతమవుతున్న పిల్ల చేతికి ఇచ్చేముందు మీరు చదవండి. పదిహేను దాటాకే మంచిది.

దీనికి జోడీగా అందరూ చెప్పేది రెయిన్‌బో రోవెల్ ‘ఫ్యాన్‌గర్ల్’ (2013). నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరిన కవల పిల్లల్లో ఒకరు క్యాత్. తన ఫ్యాన్ ఫిక్షన్‌కి నెట్‌లో వేలమంది పాఠకులు. కాలేజీలో మాత్రం భోజనాల హాలు ఎక్కడుందో అడగడానికి మొహమాటం, గదిలో దాచుకున్న ప్రొటీన్ బార్లు తింటూ గడుపుతుంది. రచన నేర్పే ప్రొఫెసర్ ఫ్యాన్ ఫిక్షన్ అంటే దొంగతనమే అంటుంది. లీవై అనే కుర్రాడికి చదవడం కంటే వినడం సులువు. అందుకని క్యాత్ తను రాసింది అతనికి పైకి చదివి వినిపిస్తుంది. తెర మీద వేలమంది కోసం రాసింది గదిలో ఒక్కడికి గొంతుతో చేరే చోట ఆ ప్రేమ మొదలవుతుంది. చాలా అందమైన ఆలోచన.

రెండిట్లో ఏది? హాస్టల్ జీవితం, అక్కచెల్లెళ్ల ఎడబాటు, తండ్రి అనారోగ్యం, కొంచెం నవ్వు కావాలంటే ‘ఫ్యాన్‌గర్ల్’. అది పొడుగ్గా, తీరిగ్గా నడుస్తుంది. తొందరపడేవాళ్లకి విసుగు రావచ్చు. ఇక ప్రతిలిపిలోనో వాట్‌ప్యాడ్‌లోనో ఎపిసోడ్లు రాస్తూ, వ్యూస్ చూసుకుంటూ, ‘తర్వాతి భాగం ఎప్పుడు’ అనే కామెంట్లకి బెదిరిపోయే అమ్మాయికో అబ్బాయికో ఇవ్వాలంటే ‘ఎలైజా’యే. పాఠకులు ప్రేమతో పెట్టే ఒత్తిడి ఎంత బరువో తెలిసినవాళ్ల పుస్తకం అది.

ఏదైనా తేలికైనది కావాలంటే

ఎమ్మా లార్డ్ ‘ట్వీట్ క్యూట్’ (2020) తీసుకోండి. న్యూయార్క్‌లో జాక్ కుటుంబానికి చిన్న శాండ్‌విచ్ కొట్టు ఉంది. పెపర్ తల్లిది పెద్ద బర్గర్ కంపెనీ. ఆ కంపెనీ కొత్తగా తెచ్చిన గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ అచ్చం జాక్ నానమ్మ వంటకంలా ఉందని జాక్ కొట్టు అకౌంట్ నుంచి మండిపడతాడు. కంపెనీ తరఫున చమత్కారంగా తిప్పికొట్టేది ఎవరంటే పెపరే. తల్లి బలవంతంతో హోంవర్కు మధ్యలో ట్వీట్లు రాస్తుంటుంది. ఊరంతా ఆ యుద్ధాన్ని చూసి నవ్వుతుంటే, ఇంకోవైపు స్కూలు పిల్లల అజ్ఞాత చాట్ యాప్‌లో ఈ ఇద్దరే ఒకరికొకరు తెలియకుండా స్నేహం చేస్తుంటారు. ఆ యాప్ తయారుచేసింది జాక్. చాట్ చేసుకునేవాళ్ల పేర్లు అనుకోని క్షణంలో వాటంతట అవే బయటపడేలా దాన్ని కట్టాడు. తన విషయంలో మాత్రం అది జరగకుండా ఆపేస్తాడు. కథలో అన్నిటికంటే తెలివైన ముడి అదే.

మొత్తం కేకులు, కుకీలు, నవ్వులు. పదమూడేళ్లవాళ్లకి కూడా ఇవ్వొచ్చు. అయితే ఒక విషయం తేలిగ్గా దాటేయకండి. మైనర్ పిల్ల చేత కంపెనీ పని చేయించడం, ఆ ట్వీట్ల వేడి ఆ పిల్లకే తగలడం రచయిత్రి పైపైన కాకుండా రాశారు. తల్లి ఆశయానికీ కూతురి అలసటకీ మధ్య జరిగే గొడవ మన ఎంసెట్, ఐఐటీ ఇళ్లలో వినిపించేదే.

ఇంగ్లీషు అంతగా రానివాళ్లకి నవలకి బదులు ఆలిస్ ఓస్‌మాన్ బొమ్మల కథ ‘హార్ట్‌స్టాపర్’ చెబుతాను. 2016లో టంబ్లర్‌లో, టపాస్ అనే కామిక్స్ సైట్‌లో ఉచిత వెబ్‌కామిక్‌గా మొదలైంది. అంటే ఈ కథే సోషల్ మీడియాలో పుట్టింది. నిక్, చార్లీ అనే ఇద్దరు బ్రిటిష్ స్కూలు కుర్రాళ్ల ఇన్‌స్టా మెసేజ్‌లు బొమ్మల మధ్యే కనిపిస్తాయి. మెసేజ్ టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేసే తడబాటుని బొమ్మలో చూపించినంత బాగా మాటల్లో చెప్పడం కష్టం. వాక్యాలు చిన్నవి, ఒక సంపుటం ఒక సాయంత్రంలో అయిపోతుంది. మూడో సంపుటం నుంచి తిండి సమస్యలు, తనని తాను గాయపరచుకోవడం కథలోకి వస్తాయి.

కాలేజీ వయసు వచ్చినవాళ్లకి

మేరీ హెచ్.కె. చోయ్ ‘ఎమర్జెన్సీ కాంటాక్ట్’ (2018) వేరే దారి. ఇందులో పబ్లిక్ పోస్టులు, లైకుల గోల తక్కువ. ఆస్టిన్‌లో చదవడానికి వచ్చిన పెన్నీ, కాఫీ షాపులో పనిచేస్తూ దాని పైనే ఉండే శామ్. రోడ్డు మీద అతనికి పానిక్ అటాక్ వచ్చినప్పుడు ఆమె సాయం చేస్తుంది. ఆపద వస్తే ఫోన్ చేయడానికని నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. తర్వాత కథ ఎక్కువగా టెక్స్ట్ మెసేజ్‌లలోనే. ముసుగులు లేవు, ఎవరు ఎవరో ఇద్దరికీ తెలుసు. అయినా ఎదురుపడితే మాట రాదు, ఫోన్‌లో అయితే అర్ధరాత్రి దాకా ఆగదు. ఆ వయసులో చాలామంది అనుభవించేది సరిగ్గా ఇదే కాబట్టి మిగతా అన్నిటికంటే ఇది నిజంగా అనిపిస్తుంది. లైంగిక దాడి ప్రస్తావన ఉంది, డబ్బు లేని బతుకు ఉంది, పెద్దగా మలుపులు లేవు. పదిహేడు దాటినవాళ్లకి ఇవ్వండి, స్కూలు పిల్లలకి వద్దు. మలుపులు లేకపోతే చదవలేనివాళ్లకీ వద్దు.

ఏ.వి. గైగర్ ‘ఫాలో మీ బ్యాక్’ (2017) కూడా ప్రేమ లిస్టుల్లో కనిపిస్తుంది. గడప దాటలేని భయంతో బతికే అమ్మాయి, ఆమె ఆరాధించే పాప్ గాయకుడు, అతని దొంగ అకౌంట్, మధ్యమధ్యలో పోలీసు విచారణ. అది థ్రిల్లర్, పైగా కథ కొండ అంచున వేలాడదీసి ఆపేస్తుంది. ప్రేమ నవల అడిగినవాళ్లకి ఇవ్వకండి.

కొనడం, చదవడం

అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. వాక్యాలు కష్టం కాదు, అక్కడి స్కూలు లెక్కలు కాస్త తికమకపెడతాయి. సోఫమోర్ అంటే మన పదో తరగతి, జూనియర్ అంటే ఇంటర్ మొదటి సంవత్సరం, సీనియర్ అంటే రెండోది. ఈ ఒక్కటి చెప్పేస్తే పిల్లల వయసులు అర్థమవుతాయి. సులువు నుంచి కష్టానికి వెళ్లాలంటే ‘హార్ట్‌స్టాపర్’, జెన్నీ హాన్, ‘ట్వీట్ క్యూట్’, సైమన్, ‘ఎలైజా’, చివరికి చోయ్. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, చలికాలంలో బుక్ ఫెయిర్ పాత పుస్తకాల స్టాళ్లలో జెన్నీ హాన్, రోవెల్ కోసం వెతికి చూడండి. అమెరికాలో ఉన్నవాళ్లు కొనే పనే లేదు, ఊరి లైబ్రరీ కార్డుంటే లైబ్రరీ ఈబుక్‌లు ఇచ్చే లిబ్బీ యాప్‌లో అడగండి. ‘ఎలైజా’ మాత్రం లైబ్రరీకి వెళ్లి కాగితం పుస్తకమే తెచ్చుకోండి.

సినిమా చూసేశాం కదా, పుస్తకం ఎందుకు అనే పిల్లలుంటారు. జెన్నీ హాన్ విషయంలో 2018 నెట్‌ఫ్లిక్స్ సినిమా ఆ హాట్ టబ్ వీడియోని మొదటి కథ చివర్లోనే తెచ్చి త్వరగా ముగించేసింది. ఆ తర్వాత అమ్మాయి రోజూ స్కూలుకి ఎలా వెళ్లిందన్నది పుస్తకంలోనే దొరుకుతుంది. సైమన్ కథ మీద అదే ఏడాది వచ్చిన ‘లవ్, సైమన్’ మంచి సినిమా, కన్నీళ్లు పెట్టిస్తుంది. కానీ సినిమాలో సైమన్ బ్లూని రమ్మని స్కూలంతా చదివే పేజీలో పిలుస్తాడు, జెయింట్ వీల్ చుట్టూ జనం మూగి చప్పట్లు కొడుతుంటారు. నవలలో ఆ పిలుపు ఒక మెయిల్‌లో, ఒక్కడికే వెళుతుంది. ఒకసారి తన అనుమతి లేకుండా స్కూలంతటికీ చేరిన ప్రేమని సైమన్ రెండోసారి ఎవరికి చూపించుకోవాలో తనే నిర్ణయించుకుంటాడు. అందుకే ఈ రెండిట్లో నేను ముందు చేతికిచ్చేది పుస్తకమే.